గోదావరి డెల్టా ఆటస్థలాల్లో పచ్చిక: టాప్‌డ్రెస్సింగ్ మొదలు ఏడాది సంరక్షణ దాకా

మన డెల్టాలో గరిక పెంచాలని ఎవరూ కష్టపడనక్కర్లేదు. చేలగట్ల మీద, కాలవగట్ల మీద, కొబ్బరితోటల అంచుల్లో వద్దన్నా మొలుస్తుంది. వరిచేలో దాన్ని పీకి పీకి చేతులు నొప్పెడతాయి. అదే గరిక స్కూలు గ్రౌండులో గోల్‌పోస్టు ముందు మాత్రం నిలవదు. వానాకాలంలో అక్కడ చెప్పులు దిగబడే బురద, ఎండాకాలంలో వేలు దూరే బీటలు. పిల్లలు పడితే మోకాళ్ళు చీరుకుపోతాయి. అప్పుడు కమిటీ వాళ్ళు కూర్చుని కొత్త గడ్డి తెప్పించాలంటారు, లేదా ఓ రెండు ట్రాక్టర్ల ఇసుక పోయించి చదును చేయించాలంటారు. రెండూ చేస్తారు. ఏడాది తిరిగేసరికి గ్రౌండు మళ్ళీ మొదటికే వస్తుంది.

లోపం గడ్డిలో లేదు, నేలలో ఉంది. గోదావరి తెచ్చి పోసిన ఒండ్రు, నల్లరేగడి వరికి బంగారమే. నీటిని పట్టి ఉంచడమే దాని గొప్ప. ఆటస్థలానికి అదే గుణం శత్రువు. వందల కాళ్ళు తొక్కేసరికి ఆ బంకమట్టిలోని గాలి గదులు మూసుకుపోతాయి, నీరు దిగదు, వేరు ఊపిరాడక పైపైనే ఉండిపోతుంది. కాబట్టి పచ్చిక సంరక్షణలో మొదటి పని నేలకు గాలి ఆడేలా చేయడం. టాప్‌డ్రెస్సింగ్ దానికోసమే. ఒకే రకం ఇసుకను, పల్చగా, చిల్లులు పొడిచి లోపలికి దింపుతూ, ఏళ్ళ తరబడి వదలకుండా చేసే పని ఇది. ఒక్కసారి మందంగా పోసి వదిలేస్తే మేలు కంటే కీడే ఎక్కువ.

ముందు నేలను కోసి చూడండి

ఇసుక బేరం ఆడే ముందు ఒక పార, ఒక కత్తి పట్టుకుని గ్రౌండులోకి వెళ్ళండి. గోల్ ముందు ఒకచోట, మధ్యలో ఒకచోట, ఎవరూ తొక్కని మూల ఒకచోట జానెడు లోతున చతురస్రంగా ఒక ముక్క కోసి పైకి తీయండి. తొక్కని మూలలో తెల్లటి వేళ్ళు ఆరేడు అంగుళాలు దిగి, మట్టి చేత్తో విరిస్తే పలుకులుగా రాలుతుంది. గోల్ ముందు తీసిన ముక్కలో వేళ్ళు అంగుళంన్నర దగ్గర అడ్డంగా తిరిగి ఉంటాయి, గోధుమరంగులో. దాని కింద మట్టి పలకలు పలకలుగా విడిపోతుంది. ఆ ముక్కను ముక్కు దగ్గర పెట్టుకుని వాసన చూడండి. కుళ్ళిన కోడిగుడ్డు వాసన వస్తే, నల్లటి చార కనిపిస్తే, అక్కడ గాలి లేదని, నీరు నిలిచి మురుగుతోందని అర్థం. అలాంటిచోట ఎంత యూరియా చల్లినా ఫలితం ఉండదు.

అదే ముక్కలో ఇంకొకటి చూడాలి. ఆకులకీ మట్టికీ మధ్య ఎండు కాడలు, చచ్చిన వేళ్ళు కలిసి పీచులా ఒక పొర ఉంటుంది. దీన్ని థాచ్ అంటారు. అర అంగుళం లోపు ఉంటే మంచిదే, కాలికి మెత్తగా ఉంటుంది. అంతకు మించితే నీళ్ళు ఆ పీచులోనే ఆగిపోతాయి, పురుగూ తెగులూ అక్కడే కాపురం పెడతాయి.

నీరెంత వేగంగా ఇంకుతుందో కూడా కొలవండి. ఆరంగుళాల పీవీసీ పైపు ముక్కను రెండంగుళాలు నేలలోకి దిగ్గొట్టి, లోపల ఒక అంగుళం నీళ్ళు పోయండి. అవి ఇంకాక మళ్ళీ అంగుళం పోసి టైము చూసుకోండి. రెండోసారి పోసినది గంటలోపు ఇంకితే నేల బాగున్నట్టే. సాయంత్రం దాకా నిలిచి ఉంటే ముందు చేయాల్సిన పని చాలా ఉంది.

భీమవరం, నరసాపురం, మొగల్తూరు, అంతర్వేది వైపు వాళ్ళు, రొయ్యల చెరువుల పక్క గ్రౌండు ఉన్నవాళ్ళు ఉప్పు సంగతి తప్పకుండా తేల్చుకోవాలి. మట్టినీ, తడిపే నీటినీ భూసార పరీక్షకు ఇచ్చి ఈసీ (ఉప్పు ఎంతుందో చెప్పే అంకె), పీహెచ్ (పులుపో క్షారమో చెప్పే అంకె) రెండూ అడగండి. ఈసీ ఏ పద్ధతిలో కొలిచారో కూడా అడగాలి. మట్టిని ముద్దగా కలిపి దాంట్లోంచి తీసిన నీటిలో కొలిస్తే 4 (డెసీసీమెన్స్/మీటరు) దాటినది చౌడు నేల. గరిక దాదాపు 7 వరకూ నెట్టుకొస్తుంది. ఒకపాలు మట్టికి రెండుపాళ్ళు నీళ్ళు కలిపి కొలిస్తే అదే మట్టికి అంకె చాలా తక్కువ వస్తుంది, దాన్ని చూసి నిశ్చింతగా ఉండకూడదు. పీహెచ్ ఎనిమిదిన్నర దాటితేనే జిప్సం అవసరం, అదీ వాళ్ళు చెప్పిన మోతాదులో. ఉప్పు ఒక్కటే సమస్య అయితే జిప్సం దండగ. కాలవ నీరు గానీ వాన నీరు గానీ పుష్కలంగా పెట్టి, అది కిందికి దిగి బయటికి పోయేలా చూడటమే మందు.

నీళ్ళు పోయే దారి

ఈ పని అయ్యాకే ఇసుక. మన గ్రౌండులు చాలావరకు చుట్టూ ఉన్న రోడ్ల కంటే, చేల కంటే పల్లం. రోడ్డు వేసిన ప్రతిసారీ అది ఎత్తవుతుంది, గ్రౌండు అలాగే ఉండిపోతుంది. చుట్టూ నీరు చేరే గిన్నెలో ఎంత మంచి ఇసుక పోసినా లాభం లేదు.

మేస్త్రీలు వాడే నీళ్ళ లెవెల్ ట్యూబు తెచ్చి మధ్య నుంచి అంచుల దాకా వాలు చూడండి. మీటరుకు ఒక సెంటీమీటరు చొప్పున మధ్య ఎత్తుగా, అంచులు పల్లంగా ఉంటే పైనీరు పోతుంది. అంచు వెంబడి రెండడుగుల లోతు బోదె తీసి, దగ్గర్లోని మురుగు కాలవలోకి కలపండి. ఆ బోదె అడుగు, కలిసేచోట మురుగు కాలవ నీటిమట్టం కంటే పైన ఉండాలి. లేకపోతే పెద్దవాన రోజు మురుగు నీరే గ్రౌండులోకి ఎదురు తన్నుతుంది. సెప్టెంబరు, అక్టోబరుల్లో మురుగు కాలవలు నిండుగా ఉన్నప్పుడు వెళ్ళి చూసుకుని అప్పుడు లోతు ఖాయం చేయండి. వేసవిలో కొలిస్తే లెక్క తప్పుతుంది.

బోదె తీసిన మట్టిని గ్రౌండు మీద పరచకండి. గట్టుకు వేయండి.

ఏ గడ్డి వేయాలి

ఆటస్థలానికి గరికే. మామూలు నాటు గరిక ఊరి గ్రౌండుకు చాలు. డబ్బు ఉంటే దాని సంకర రకమైన టిఫ్‌వే 419 ఫుట్‌బాల్‌కీ, క్రికెట్ అవుట్‌ఫీల్డుకీ బాగుంటుంది. ఆకు సన్నగా, అల్లిక దట్టంగా ఉండి తొక్కుడు తట్టుకుంటుంది. ఉప్పు బాగా ఎక్కువైనచోట సీషోర్ పాస్పాలం మేలు. ఇళ్ళ ముందు వేసే మెక్సికన్ గ్రాస్ చూడటానికి అందంగా ఉంటుంది గానీ చాలా నెమ్మదిగా పెరుగుతుంది, ఒకసారి చిరిగితే పూడటానికి నెలలు పడుతుంది. చెట్ల నీడలో గరిక బతకదు. నీడ పడేచోట గడ్డి కోసం పోరాడే బదులు కొమ్మలు కొట్టించండి, లేదా అక్కడ బెంచీలు వేయండి.

కడియం నర్సరీల నుంచి గడ్డి తివాచీలు తెచ్చుకునేవాళ్ళకు ఒక హెచ్చరిక. ఆ తివాచీ కింద అంటుకుని వచ్చే మట్టి ఏమిటో చూడండి. మీరు ఇసుక పొర తయారు చేసి దానిమీద బంకమట్టి అంటిన తివాచీ పరిస్తే, ఇసుక నెత్తిన మళ్ళీ బంకమట్టి మూత పెట్టినట్టే. నీరు ఆ మూతలోనే ఆగిపోతుంది. మట్టిని గొట్టంతో కడిగి పరవండి, లేదంటే తివాచీని కాడలుగా విడదీసి జానెడు కంటే తక్కువ దూరంలో నాటండి. వానాకాలం మొదట్లో నాటిన కాడలు రెండున్నర, మూడు నెలల్లో కలిసిపోతాయి. ఖర్చు కూడా బాగా తగ్గుతుంది.

ఏ ఇసుక

మొత్తం పనిలో డబ్బు పోయేదీ, పరువు పోయేదీ ఇక్కడే. అందుకే కాస్త ఎక్కువ చెబుతాను.

కావలసింది కడిగిన నది ఇసుక. రేణువులు ఎక్కువ భాగం పావు మిల్లీమీటరుకీ ఒక మిల్లీమీటరుకీ మధ్య ఉండాలి. అంతకంటే సన్నదైతే నీరు పట్టేస్తుంది, ముతకదైతే గడ్డిలోకి దిగకుండా పైనే కూర్చుని కోత యంత్రం బ్లేడు తినేస్తుంది. కాంక్రీటుకు వాడే గోదావరి ఇసుక ముతక, గులకరాళ్ళు కూడా ఉంటాయి. దాన్ని 2 మి.మీ. జల్లెడ పట్టించి, కిందికి దిగినది వాడాలి. ప్లాస్టరింగ్‌కు తెప్పించే సన్న ఇసుక కొన్ని లోడ్లలో సరిగ్గా సరిపోతుంది, కొన్నింట్లో మన్ను ఎక్కువ. పేరు చూసి కొనకుండా లోడు చూసి కొనండి.

చూడటానికి ఒక లీటరు నీళ్ళ సీసా చాలు. మూడోవంతు ఇసుక, మిగతా నీళ్ళు పోసి మూత పెట్టి గట్టిగా కుదిపి నిలబెట్టండి. ఒక నిమిషంలో ఇసుక అడుక్కి చేరుతుంది. ఒకటి రెండు గంటల తర్వాత దానిమీద మెత్తటి ఒండ్రు పేరుకుంటుంది. ఆ పొర, అడుగున చేరిన ఇసుక, ఒండ్రు కలిపిన ఎత్తులో ఇరవయ్యో వంతు దాటితే ఆ లోడు వెనక్కి పంపేయండి. మర్నాటికి కూడా పైనీరు తేరుకోకపోతే అందులో బంకమట్టి ఉందని తెలుస్తుంది, అది అసలే వద్దు.

సముద్రం ఇసుక ఊరికే వస్తుంది కదా అని తీరగ్రామాల వాళ్ళు ఆశపడతారు. ఉప్పు సంగతి అటుంచి, అందులో గవ్వల పొడి ఉంటుంది. గుప్పెడు ఇసుక మీద వెనిగర్ చుక్కలు వేస్తే బుసబుస పొంగిందంటే సున్నం ఉన్నట్టు. అది నేల పీహెచ్ పెంచుతుంది, గడ్డికి ఇనుము అందక పసుపుపచ్చగా మారుతుంది. రోబో ఇసుక కూడా వద్దు. రాయి కొట్టిన పొడి కాబట్టి రేణువులు పదునుగా ఉంటాయి, దుమ్ము ఎక్కువ, తొక్కేకొద్దీ సిమెంటులా బిగుసుకుంటుంది. పిల్లలు పడితే చర్మం లేచిపోతుంది.

ఇంకో పొరపాటు చాలా చోట్ల జరుగుతోంది. ఇసుక పోసి ట్రాక్టరుతో కలియదున్నిస్తారు. బంకమట్టిలో కాస్త ఇసుక కలిస్తే నేల గుల్లబారదు, ఇటుకలా గట్టిపడుతుంది. ఇసుక గుణం రావాలంటే మిశ్రమంలో ముప్పాతిక వంతుకు పైగా ఇసుకే ఉండాలి. అన్ని లోడ్లు ఎవరూ పోయలేరు. అందుకే కలపకూడదు. పైన పొరగా కట్టుకుంటూ, చిల్లుల గుండా కిందికి దింపుకుంటూ రావాలి.

ఒకసారి ఎంచుకున్న రకాన్ని మార్చకండి. ఈ ఏడాది సన్నది, వచ్చే ఏడాది ముతకది, ఆపై ఏడాది పశువుల ఎరువు కలిపినది పోస్తే నేలలో పొరలు ఏర్పడతాయి. నీరు పొర మారేచోట ఆగిపోతుంది, వేరు కూడా అక్కడే ఆగుతుంది. ఎంచుకున్న ఇసుకలోంచి రెండు గుప్పెళ్ళు ఒక డబ్బాలో వేసి తేదీ రాసి ఆఫీసు బీరువాలో పెట్టండి. తర్వాత వచ్చే ప్రతి లోడునూ దానితో పోల్చి చూడొచ్చు. ఎక్కడి రీచ్ (నదిలో ఇసుక తవ్వే చోటు) నుంచి వచ్చిందో కూడా రాసి పెట్టండి.

ఇసుకను ఏప్రిల్, మే నెలల్లోనే తెచ్చి పెట్టుకోవాలి. గోదావరికి వరద వచ్చిందంటే రీచ్‌లు ఆగిపోతాయి, దొరికినదానికి ధర రెట్టింపవుతుంది, పైగా తడి ఇసుక వస్తుంది. తెచ్చిన కుప్ప మీద టార్పాలిన్ కప్పండి. కప్పకపోతే తుంగ, పిచ్చిమొక్కల గింజలు చేరతాయి, కుక్కలు కూడా.

ఎప్పుడు చేయాలి

గరిక ఉరుకు మీద ఉన్నప్పుడు చేయాలి. రబీ అయ్యాక కాలవలు కట్టేసిన రోజుల్లో, రోహిణి కార్తె ఎండల్లో నేలకు చిల్లులు పొడిస్తే ఉన్న తడి కూడా ఆరిపోతుంది. మృగశిర వచ్చి, తొలకరి పడి, కాలవలకు నీళ్ళు వదిలాక గడ్డి చిగురు తొడుగుతుంది. జూన్ రెండోవారం నుంచి జులై మధ్య వరకూ పెద్ద పనికి సరైన సమయం. స్కూళ్ళు అప్పుడే తెరుస్తారు గనక టోర్నమెంట్లు కూడా ఉండవు. రెండోసారి, పల్చగా, ఆగస్టు చివర వాన తెరపి ఇచ్చినప్పుడు. అక్టోబరు, నవంబరు తుపాన్ల రోజులు కాబట్టి ముట్టుకోవద్దు. డిసెంబరు, జనవరిల్లో రాత్రి చలికి గరిక మందగిస్తుంది, అప్పుడు పోసిన ఇసుక పైనే ఉండిపోతుంది. సంక్రాంతి ఆటలు, జాతరలు అయ్యాక ఫిబ్రవరి చివర దెబ్బతిన్న చోట్ల వరకూ ఒకసారి చేసుకోవచ్చు.

చేసే పద్ధతి

రెండు రోజుల ముందు గడ్డిని మామూలు కంటే కాస్త కిందికి కోయండి. థాచ్ ఎక్కువగా ఉంటే ఇనుప పళ్ళ దంతెతో రెండు దిక్కులా గట్టిగా గీకి, లేచిన పీచు ఊడ్చి పారేయండి. గ్రౌండు వికారంగా కనిపిస్తుంది. చూసినవాళ్ళు గడ్డి అంతా పీకేశారంటారు. పట్టించుకోకండి, వానాకాలంలో గరిక పది పదిహేను రోజుల్లో లేచి వస్తుంది.

తర్వాత చిల్లులు. ఇక్కడ నేల తడి సరిగ్గా ఉండాలి. గుప్పెడు మట్టి తీసి ఉండ చేస్తే నిలవాలి, చేతికి జిగురుగా అంటకూడదు. అంటితే ఆగండి. బురదలో పొడిస్తే చిల్లు గోడలు మెత్తినట్టయి మూసుకుపోతాయి.

పెద్ద స్టేడియాల్లో యంత్రంతో చేస్తారు. మనకు వెల్డింగ్ షాపులో చేయించుకున్న ఫోర్కు చాలు. అర అంగుళం జీఐ పైపు ముక్కలు నాలుగు, ఒక్కోటి నాలుగంగుళాలు, కొస ఏటవాలుగా కోసి పదును పెట్టించి, పది సెంటీమీటర్ల ఎడంతో ఒక పట్టీకి వెల్డ్ చేయించండి. పైన కాలు పెట్టడానికి కమ్మీ, పట్టుకోవడానికి పిడి. పైపు పక్కన సన్నగా ఒక గాడి కోయిస్తే లోపల ఇరుక్కున్న మట్టి ముక్క సులువుగా బయటికి వస్తుంది. తొక్కితే మూడంగుళాలు దిగాలి, పైకి తీస్తే మట్టి ముక్క పైపులో రావాలి. గునపంతో పొడిచినా చిల్లు పడుతుంది గానీ మట్టి బయటికి రాదు, పక్కకు నొక్కుకుని ఇంకా గట్టిపడుతుంది. వేరే దారి లేనప్పుడే గునపం.

పైకి వచ్చిన మట్టి ముక్కల్ని తీసేయండి. మన బంకమట్టిని మళ్ళీ పైనే పొడిచేసి వదిలితే పొడిచిన చిల్లులన్నీ దాంతోనే పూడుతాయి.

గ్రౌండు మొత్తం చేతితో చేయడం చాలా ఊళ్ళకు కుదరదు. కుదిరినంత చేయండి, కానీ చోటు ఎంచుకుని చేయండి. రెండు గోల్‌పోస్టుల ముందు, మధ్య వలయం, క్రికెట్ బౌలర్లు పరిగెత్తే దారి, వాకింగ్ చేసేవాళ్ళు అడ్డదారిలో నడిచి గీత పడిన చోటు. గ్రౌండు పాడయ్యేది ఎప్పుడూ ఇక్కడే మొదలవుతుంది.

ఇప్పుడు ఎండిన ఇసుక పరచాలి. గడ్డి మీద మంచు కూడా ఆరి ఉండాలి, అంటే ఉదయం తొమ్మిది దాటాక. గమేళాలతో చిన్న చిన్న కుప్పలు పోసి, పారతో విసిరి చల్లండి. తర్వాత కొబ్బరి ఈనెల చీపురు తలకిందులుగా కాకుండా కొస వైపు ఆనించి, ముందు నిలువుగా, తర్వాత అడ్డంగా ఊడుస్తూ పోండి. ఈనెల కొసలు ఆకుల మధ్య దూరి ఇసుకను కిందికి దింపుతాయి. ఇసుక గింజలు చిల్లుల్లోకి జారుతూ ఉంటే చిల్లు అంచు చుట్టూ చిన్న గుంట పడుతుంది. అది కనిపించినంతసేపూ ఊడుస్తూనే ఉండండి. పెద్ద విస్తీర్ణం అయితే కొబ్బరి పీచు పట్టాను తాళ్ళతో లాగించవచ్చు. విదేశాల్లో గోల్ఫ్ గ్రౌండుల్లో కూడా ఇసుక సర్దడానికి కొబ్బరి పీచు పట్టాలే వాడతారు, అది మన దగ్గర ఇంటి వెనకే దొరుకుతుంది.

పని అయ్యాక నిలబడి చూస్తే గడ్డి ఆకుల కొసలు ఇసుకలోంచి కనిపించాలి. ఆకు పూర్తిగా మునిగిపోతే ఎక్కువ పోశారని అర్థం, వెంటనే ఊడ్చి తీసేయండి. గుంటలు ఉన్నచోట కూడా ఒకేసారి నింపకండి. అర అంగుళం చొప్పున, గడ్డి పైకి వచ్చాక మళ్ళీ అర అంగుళం.

ఇసుక లెక్క

మనకు అలవాటైన సెంట్లలో చూద్దాం. సెంటు అంటే సుమారు 40 చదరపు మీటర్లు. ఒక మిల్లీమీటరు మందం పరచాలంటే చదరపు మీటరుకు ఒక లీటరు. కాబట్టి 3 మి.మీ. మందానికి సెంటుకు 120 లీటర్లు, అంటే నాలుగుంపావు ఘనపుటడుగులు. మీ గమేళా 12 లీటర్లు పట్టేదైతే సెంటుకు పది గమేళాలు. వంద ఘనపుటడుగుల లోడు దాదాపు 23 సెంట్లకు వస్తుంది. పూర్తి కొలతల ఫుట్‌బాల్ గ్రౌండు 105 మీటర్లు, 68 మీటర్లు. అది 176 సెంట్లు, ఏడున్నర లోడ్లు పడుతుంది.

చాలామంది మరిచిపోయేది చిల్లుల లెక్క. పైన చెప్పిన ఫోర్కుతో పది సెంటీమీటర్లకు ఒకటి చొప్పున పొడిస్తే సెంటుకు నాలుగు వేల చిల్లులు, అవి నిండటానికే 110 లీటర్ల దాకా పడుతుంది. అంటే చిల్లులు పొడిచిన చోట పైపూతకు ఎంత ఇసుక కావాలో లోపలికి కూడా దాదాపు అంత కావాలి. ఆ మేరకు ముందే తెప్పించుకోండి. చిల్లులు సగం నిండి ఉండిపోతే మొదటి వానకే పక్క మట్టి జారి పూడిపోతాయి.

క్రికెట్ పిచ్ సంగతి వేరు. 22 గజాల పొడవు, పది అడుగుల వెడల్పు ఉన్న ఆ పట్టీ మీద ఇసుక రవ్వంత కూడా పడనివ్వకండి. అక్కడ కావలసింది బంకమట్టే, మన నల్లమట్టి దానికి బాగా పనికొస్తుంది. పిచ్ ఏ మట్టితో కట్టారో అదే మట్టిని ఎండబెట్టి, పొడి చేసి, జల్లించి పల్చగా వేసి తడిపి రోలర్ తిప్పాలి. అవుట్‌ఫీల్డుకు ఇసుక వేసే రోజు పిచ్ మీద టార్పాలిన్ కప్పి మొదలుపెట్టండి.

తర్వాత రెండు వారాలు

ఇసుక వేసిన సాయంత్రమే తేలిగ్గా తడపండి. ఇసుక సర్దుకుంటుంది. నాలుగైదు రోజులు కోత వద్దు. ఆ తర్వాత మొదటి రెండు కోతలకు పాత బ్లేడు పెట్టండి, ఇసుక కొత్త బ్లేడును పాడుచేస్తుంది. వారం రోజులు ఆట ఆపగలిగితే ఆపండి. పిల్లల్ని ఆపడం కష్టం, కాబట్టి గోల్‌పోస్టుల్ని కొన్నాళ్ళు పక్కకు జరపండి, ఆట దానంతట అదే జరుగుతుంది.

వారం తర్వాత సెంటుకు 200 గ్రాముల యూరియా, తడి లేని ఆకు మీద సమంగా చల్లి వెంటనే నీళ్ళు పెట్టండి. గడ్డి ఇసుకలోంచి లేచి రావడానికి ఇది చాలు.

కోత, నీరు, ఎరువు

అవుట్‌ఫీల్డుకు 15 నుంచి 20 మి.మీ., ఫుట్‌బాల్‌కు 25 నుంచి 30 మి.మీ. ఎత్తు. ఒక కోతలో ఆకు పొడవులో మూడోవంతుకు మించి తీయకూడదు. వానల్లో నెల రోజులు వదిలేసి, మంత్రిగారు వస్తున్నారని ఒక్కసారి నున్నగా కొట్టించేస్తే పచ్చ ఆకంతా పోయి ఎండు కాడలు మిగులుతాయి. ఊళ్ళలో ఎక్కువగా బ్రష్ కట్టర్‌తోనే కానిచ్చేస్తున్నారు. దాంతో ఎత్తు సమంగా రాదు, ఒకచోట మట్టి దాకా తెగుతుంది. రెండు మూడు స్కూళ్ళు కలిసి అయినా ఒక చక్రాల కోత యంత్రం కొనుక్కోవడం మేలు. జులై నుంచి సెప్టెంబరు దాకా వారానికి రెండు కోతలు పడితే గరిక నిలువుగా కాకుండా అడ్డంగా అల్లుకుంటుంది.

వేసవిలో రోజుకు 5 మి.మీ. నీరు ఆవిరవుతుందనుకుంటే సెంటుకు 200 లీటర్లు. దాన్ని రోజూ చిలకరించడం కంటే మూడు నాలుగు రోజులకొకసారి ఆ రోజులన్నిటి నీటినీ కలిపి తెల్లవారుజామున పెట్టండి, వేరు కిందికి వెళ్తుంది. సాయంత్రం తడిపితే రాత్రంతా ఆకు తడిగా ఉండి తెగుళ్ళు వస్తాయి. బోరు నీరు ఉప్పగా ఉన్న ఊళ్ళలో మే నెలలో గడ్డి కాస్త ఎండినా ఫరవాలేదు. గరిక చావదు, దుంపలో ప్రాణం ఉంటుంది. ఉప్పునీరు పెట్టి పచ్చగా ఉంచాలని చూస్తే నేలే పాడవుతుంది.

ఎరువు విషయంలో చేయి బిగపట్టండి. జూన్ నుంచి సెప్టెంబరు వరకూ నెలకోసారి సెంటుకు 200 గ్రాముల యూరియా సరిపోతుంది. పీహెచ్ ఎక్కువున్న నేలలో దాని బదులు అమ్మోనియం సల్ఫేట్ 450 గ్రాములు మంచిది. సెప్టెంబరు చివర పొటాష్ ఇస్తే తుపాను వానలకు గడ్డి తట్టుకుంటుంది. ఆకు పసుపుపచ్చగా, ఈనెలు మాత్రం పచ్చగా ఉంటే అది ఇనుము లోపం. లీటరు నీటికి 5 గ్రాముల అన్నభేది కలిపి సాయంత్రం పిచికారీ చేయండి. పచ్చి పేడ, సగం మాగిన పెంట గ్రౌండు మీద పోయడం మానాలి. దాంతోపాటు తుంగ, ఊద, తోటకూర గింజలన్నీ వస్తాయి.

కలుపు, పురుగు, తెగులు

తుంగ ఒక్కటే నిజంగా మొండిది. పీకితే దుంప లోపలే ఉండి రెండు పిలకలు వేస్తుంది. నేల కొద్దిగా అయితే పలుగుతో దుంప సహా తవ్వించండి. ఎక్కువైతే హాలోసల్ఫ్యూరాన్ మిథైల్ మందు గరికను చంపకుండా తుంగను తీస్తుంది. ముందు మీ వ్యవసాయాధికారిని అడిగి, ఒక మూల కొట్టి చూసి, ఆ తర్వాతే మిగతా గ్రౌండు. పల్లేరు, అత్తిపత్తి కనిపించిన రోజే పూతకు రాకముందు పీకేయండి. ఉత్తకాళ్ళతో ఆడే పిల్లలు ఉన్న ఊళ్ళు మనవి.

ఎక్కడో గడ్డి ఉన్నట్టుండి కొరికేసినట్టు పల్చబడితే పురుగు అనుమానించండి. నాలుగు లీటర్ల నీటిలో రెండు చెంచాల గిన్నెలు తోమే లిక్విడ్ కలిపి చదరపు గజం మేర పోయండి. పది నిమిషాల్లో లద్దెపురుగు ఉంటే పైకి వస్తుంది. ఏమీ రాకపోతే మందు కొట్టకండి. గడ్డి తివాచీలా చేతికి లేచి వస్తుంటే మాత్రం కింద వేరుపురుగు ఉంది, తవ్వి చూడాలి.

వరిలో పాముపొడ తెగులు తెచ్చే రైజోక్టోనియా తరహా శిలీంధ్రాలే పచ్చిక మీద గుండ్రటి గోధుమరంగు మచ్చలు తెస్తాయి. కారణాలు కూడా వరిలో మాదిరే: యూరియా ఎక్కువ, తడి ఎక్కువ, గాలి తక్కువ. నత్రజని ఆపి, ఉదయాన్నే పొడవాటి వెదురుతో మంచు దులిపి, ఆ చోట చిల్లులు పొడిచి ఇసుక వేస్తే చాలాసార్లు మందు లేకుండానే తగ్గుతుంది. నేల మీద జారే పాచి పట్టిందంటే అక్కడ గడ్డి పల్చగా ఉంది, నీరు నిలుస్తోంది. పాచి మందు వెతకకుండా దాన్ని గీకేసి మళ్ళీ నీళ్ళ దారి చూడండి.

గ్రౌండును ఇతర పనులకు ఇచ్చేటప్పుడు

ఊరికి ఉన్న ఒకే ఖాళీ జాగా గ్రౌండు. వడ్లు ఆరబోయాలన్నా, సభ పెట్టాలన్నా, పెళ్ళి పందిరి వేయాలన్నా అక్కడే. వద్దనలేం. ఆరబోసే రైతుకు అంచున ఒక పట్టీ కేటాయించండి, ఏటా అదే పట్టీ. నేల తడిగా ఉన్నప్పుడు ట్రాక్టరు, లారీ లోపలికి రానివ్వకండి. ఎండు నేల మీద పదిసార్లు తిరిగినదాని కంటే తడి నేల మీద ఒక్కసారి తిరిగిన చక్రం ఎక్కువ పాడుచేస్తుంది. సభ అయ్యాక మేకులు, సీసా ముక్కలు ఏరించి, పందిరి గుంజల గుంటల్ని మట్టితో కాకుండా మీ ఇసుకతోనే నింపండి. చక్రాల జాడలు పడ్డచోట రోలర్ తిప్పించకండి. ఫోర్కు దింపి, నేలను కిందనుంచి పైకి కాస్త ఎత్తి, అప్పుడు ఇసుకతో సర్దాలి.

వరద, తుపాను తర్వాత

నీరు నిలిచినా చల్లటి వాతావరణం ఉంటే గరిక కొన్ని రోజులు ఓర్చుకుంటుంది. వాన వెలిసి ఎండ కాసిందంటే నిలిచిన నీరు వేడెక్కి గంటల్లో గడ్డిని ఉడికించేస్తుంది. కాబట్టి ఎండ రాకముందే రైతుల డీజిల్ ఇంజన్ అడిగి తెచ్చి నీరు తోడించండి. బోదె కలిసేచోట అడ్డుపడిన కొబ్బరి మట్టలు, ప్లాస్టిక్ తీయించండి. నేల ఆరేదాకా ఎవరినీ లోపల నడవనివ్వకండి.

లంక గ్రామాల్లో, ఏటిగట్టు లోపలి గ్రౌండుల్లో 2022 జులై లాంటి వరద వచ్చినప్పుడు అసలు చిక్కు నీరు కాదు, అది వదిలి వెళ్ళే ఒండ్రు. అంగుళం మందాన పడిన మెత్తటి మట్టి ఎండితే మీ ఇసుక పొర మీద మూతలా బిగుసుకుంటుంది. పచ్చిగా ఉండగానే చెక్క పలకలతో గెంటి అంచులకు చేర్చి, మిగిలినది మంచి నీటితో కడిగి బోదెలోకి పంపండి. అప్పటికే ఎండిపోతే పలకలుగా విరిచి ఏరండి, దంతెతో గీకండి. చిగుళ్ళు కనిపించాక ఫోర్కుతో చిల్లులు పొడిచి, బీరువాలో దాచిన డబ్బాతో పోల్చి చూసిన ఇసుకను 3 మి.మీ. పరవండి. సముద్రపు నీరు ఎక్కిన గ్రౌండయితే ముందు ఈసీ పరీక్ష చేయించి, మంచి నీరు నిలగట్టి వదలడం రెండు మూడుసార్లు చేసి, ఆ తర్వాతే ఎరువు సంగతి చూడాలి.